ఎమ్మే ఇంగ్లీషుకి మణుగూరు ఏమవుతుంది?

ఇంగ్లీషులో ఒక్క వాక్యం తప్పు లేకుండా రాయలేనివాళ్ళు కూడా ఎమ్మే ఇంగ్లీషు చేసేస్తున్నారని మీరూ వినే ఉంటారు. సెమినార్ల భోజనాల దగ్గర, స్పాట్ వాల్యుయేషన్లో టీ తాగుతూ, ఇంటర్వ్యూ బోర్డు నుంచి బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ పెద్దసార్లు ఈ మాట అంటూనే ఉంటారు. దాని వెనకాలే ఇంకోటి వస్తుంది. జిల్లాల్లో ఈ పీజీ ఇంగ్లీషులెందుకు, మూసేసి ఆ డబ్బుతో స్పోకెన్ ఇంగ్లీషూ సాఫ్ట్ స్కిల్సూ నేర్పితే పిల్లలకి ఏదో ఒక ఉద్యోగమన్నా దొరుకుతుంది గదా, అని.

మొదటి మాటలో కొంత నిజముంది. రెండోదాంట్లో లేదు. రెండిట్లోనూ ఉన్న అహంకారం గురించి రాద్దామని కూర్చున్నా.

నాది మణుగూరు. మా నాన్న సింగరేణిలో చేశాడు. నేను ఎమ్మే ఇంగ్లీషు చేసి ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతుకుతున్నా. అంటే ఈ గొడవలో నాకు స్వార్థం ఉందన్నమాట. దాచుకోను.

సార్లు అనేది పిల్లలకి ఇంగ్లీషు రాదని. నేననేది వేరే. ఆ పిల్లలకి వచ్చినవాటి గురించి అడగడానికి ఎమ్మే ఇంగ్లీషు దగ్గర ఒక్క ప్రశ్న కూడా లేదు. భాష మీద, సాహిత్యం మీద రెండేళ్ళు చదివించే డిగ్రీ, ఎదురుగా కూర్చున్న మనిషి ఇంట్లో ఏం మాట్లాడతాడో కనుక్కోకుండానే అయిపోతుంది. ప్రమాణాలు పడిపోయాయని ఎవరన్నా అంటే ముందు ఈ ప్రమాణం సంగతి తేల్చమంటాను.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఒక పక్క ఓపెన్‌కాస్టు గనులు, ఒక పక్క గోదావరి, చుట్టూ మిగిలినంత అడవి. అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం, ఈ మధ్య వచ్చిన భద్రాద్రి థర్మల్ కేంద్రం. పని కోసం అన్ని దిక్కుల నుంచీ జనం వచ్చారు. కోస్తా తెలుగు, వరంగల్ తెలుగు, లంబాడీ, ఉర్దూ, కాంట్రాక్టు కార్మికుల హిందీ, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళ భాషలు అన్నీ సంతలో వినపడతాయి. వీటన్నిటికంటే ముందు నుంచీ ఇక్కడున్నది కోయ. 2011 జనాభా లెక్కల్లో కోయ మా మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు నాలుగు లక్షల పైచిలుకు. మా దగ్గర పదో తరగతి పాసైన కోయ పిల్ల మామూలుగా మూడు భాషల్లో బతుకుతుంది, నాలుగోదాంట్లో పరీక్ష రాస్తుంది. పీజీ చదవాలంటే ఆ పిల్ల రాష్ట్రమంతటికీ కలిపి పెట్టే ఎంట్రెన్సు రాసి, సీటొస్తే పెట్టె సర్దుకుని సికింద్రాబాద్ పోయే రాత్రి రైలెక్కాలి. లేదా దూరవిద్యలో కట్టి, పని చేసుకుంటూ ఆదివారాలు క్లాసులకి పోవాలి.

అట్లా వెళ్ళిన ఒక మిత్రుడు ఉన్నాడు నాకు. పేరెందుకు, కాలేజీ పేరూ ఎందుకు. ఒకరోజు క్లాసు మొదలయ్యే ముందు సార్ ఏదో అడిగితే వీడు తెలుగులో, ‘అమ్మాయిలు వచ్చినయి సార్, లైబ్రరీ కాడ ఉన్నయి’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, అమ్మాయిలేమన్నా బర్రెలా నాయనా, తెలుగే రానోడివి ఇంగ్లీషు ఎమ్మేకి ఎట్లా వచ్చావు, అన్నారు. ఆయనేం చెడ్డవాడు కాదు, హాస్యానికే అన్నారు. ఆ తర్వాత గంటలోనే మాకు భాషాశాస్త్రం పేపరు. భాషలన్నీ సమానమే, ఏ భాషా తక్కువది కాదు, తప్పొప్పులు చెప్పడం భాషాశాస్త్రం పని కాదు, అని అదే సార్ నోట్సు చెప్పారు. మేం రాసుకున్నాం. మా వాడూ రాసుకున్నాడు.

ఇప్పుడు ఆ వాక్యం చూడండి. తెలుగులో ‘ఆమె వచ్చింది’ అంటాం, ‘బస్సు వచ్చింది’ అంటాం. ఏకవచనంలో ఆడమనిషికీ బస్సుకీ క్రియ ఒకటే. బహువచనంలోకి రాగానే ‘ఆడవాళ్ళు వచ్చారు’, ‘బస్సులు వచ్చాయి’ అని విడిపోతారు. అంటే తెలుగు ఏకవచనంలో మగ, మగ కానిది అని విభజిస్తుంది. బహువచనంలో మనిషి, మనిషి కానిది అని విభజిస్తుంది. ఒకే భాషలో రెండు పద్ధతులు! కోయలో, అది ఏ గోండీ కుటుంబానిదో ఆ గోండీలో, ఈ తిరకాసు లేదు. ఏకవచనమైనా బహువచనమైనా ఒకటే విభజన. మగ, మగ కానిది. ఆడవాళ్ళు ఎంతమంది వచ్చినా క్రియ బస్సుల వైపే ఉంటుంది. మా వాడు తెలుగు మాటలతో తన ఇంటి వ్యాకరణం మాట్లాడాడు. వాడి వాక్యానికి లెక్క ఉంది.

అంతే కాదు. పాత ద్రావిడంలో ఉన్న ఏర్పాటు ఈ కోయ, గోండీ, కొలామీ పద్ధతేననీ, బహువచనంలో ఆడవాళ్ళని మగవాళ్ళతో కలిపేసుకున్నది తెలుగేననీ భద్రిరాజు కృష్ణమూర్తి గారి వాదన. ఆయన మాటే తీసుకుంటే, మా క్లాసు నవ్వింది తెలుగు కంటే పాత వ్యాకరణాన్ని చూసి. (ఆ విభజనలో ఆడవాళ్ళ గౌరవం సంగతేమిటని అడిగేవాళ్ళుంటారు. మంచి ప్రశ్నే. ఆ ప్రశ్న ‘ఆమె వచ్చింది’ దగ్గర తెలుగుని కూడా అడగాలి. అది ఒక సెమిస్టరు చర్చ. ఆ చర్చే జరగలేదనే గదా నా బాధ.)

అదే పేపర్లో మేం కంఠతా పట్టింది గ్రిమ్ సూత్రం. లాటిన్‌లో పాతెర్, ఇంగ్లీషులో ఫాదర్, ప ఫ అయింది. 1822 నాటి సంగతి. గొప్ప సంగతే, కాదనను. కానీ ధ్వనులు ఎట్లా మారతాయో చూపించడానికి మణుగూరు పిల్లాణ్ణి జర్మనీ దాకా తీసుకుపోనక్కరలేదు. తమిళంలో ‘ఇరండు’, తెలుగులో ‘రెండు’. తమిళంలో ‘ఉరల్’, మనకి ‘రోలు’. అక్కడ ‘ఉళ్’, ఇక్కడ ‘లో’. పాత ద్రావిడంలో ర, ల, డ లాంటి ధ్వనులతో మాట మొదలయ్యేదే కాదు. తెలుగూ, గోండీ, కొండ, కువి లాంటి మధ్య దేశపు భాషలు ముందున్న అచ్చుని వెనక్కి నెట్టి ఈ హల్లుల్ని ముందుకి తెచ్చుకున్నాయి. అది కూడా అన్ని మాటల్లో ఒకేసారి కాదు. ఒక్కో మాటా, ఒక్కో భాషా, అంటుకుంటూ పోయినట్టు. ఈ మార్పు ఇంకా నడుస్తూనే ఉందనీ, ధ్వని మార్పు మాట నుంచి మాటకి ఎట్లా పాకుతుందో ఇందులో కనపడుతుందనీ కృష్ణమూర్తి గారు 1978లో అమెరికా భాషాశాస్త్ర పత్రిక ‘లాంగ్వేజ్’లో రాశారు. ప్రపంచమంతా చదివే పత్రిక అది. దానికి సాక్ష్యం చెప్పిన భాషలు ఎక్కడివి? మా వెనక అడవివీ, పైన అరకు కొండలవీ.

భాషాశాస్త్ర చరిత్ర అడిగితే 1786, విలియం జోన్స్, సంస్కృతం, గ్రీకు, లాటిన్ అని గడగడా చెప్తాం. 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి పీఠిక రాస్తూ ఎల్లిస్ దొర, దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వాటిది వేరే కుటుంబం అని నిరూపించాడు. గ్రిమ్ సూత్రం కంటే ఆరేళ్ళు ముందు, ఒక తెలుగు పుస్తకం ముందు పేజీల్లో! నేను ఇది ఎమ్మే అయిపోయిన చాలాకాలానికి, పాత పుస్తకాల షాపులో ఏదో తిరగేస్తుంటే తెలుసుకున్నా.

ఇంకో సంగతి చెప్తా. దీన్ని తలుచుకుంటే నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. స్టీఫెన్ టైలర్ అని అమెరికన్ మానవశాస్త్రవేత్త. 1986లో క్లిఫర్డ్, మార్కస్ సంపాదకత్వంలో వచ్చిన ‘రైటింగ్ కల్చర్’లో పోస్ట్‌మోడర్న్ ఎథ్నోగ్రఫీ మీద ఈయన వ్యాసం ఉంది. థియరీ అంటే ప్రాణమిచ్చే మన పరిశోధక విద్యార్థులకి ఆ పుస్తకం తెలుసు. అదే టైలర్ 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున అచ్చేసిన పుస్తకం ఏమిటంటే, కోయ వ్యాకరణం. గొమ్ము కోయల భాష, అంటే మా గోదావరి ఒడ్డు కోయ. మనం పోస్ట్‌మోడర్నిజం నేర్చుకోవడానికి ఎవరి వ్యాసం చదువుతున్నామో ఆయన ముందు మా నది ఒడ్డున కూర్చుని వ్యాకరణం రాసుకున్నాడు. ఆయన పేరు మన దగ్గర థియరీ పేపర్లో వినపడుతుంది, భాషాశాస్త్రం పేపర్లో వినపడదు. టైలర్ కంటే చాలా ముందు, 1870లలో, నదికి అవతల దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించీ కోయల గురించీ ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో రాశాడు. మత ప్రచారానికొచ్చినవాడికి కోయ నేర్చుకోక తప్పలేదు. మన ఇంగ్లీషు శాఖలకి ఇప్పటిదాకా అలాంటి అవసరమే రాలేదు.

సరే, కోయని పక్కనపెట్టండి. తెలుగు మాత్రమే వచ్చిన బొగ్గుగని కార్మికుడి కొడుకు సంగతి చూద్దాం. ధ్వనిశాస్త్రంలో వాడికి నేర్పేది డేనియల్ జోన్స్ వర్ణించిన ఆర్పీ ఉచ్చారణ. నలభై నాలుగు ధ్వనులు, ఇరవై అచ్చులు, ఇరవై నాలుగు హల్లులు. ఇంగ్లండ్‌లోనే కొద్దిమంది మాట్లాడే యాస అది. నేర్పితే నేర్పండి, నష్టం లేదు. కానీ వాడి ఇల్లు ఇంగ్లీషు మాటల కార్ఖానా. షిఫ్టు, మస్టరు, డంపరు, బెంచీ. హల్లుతో ఆగిపోయిన ప్రతి ఇంగ్లీషు మాటకీ తెలుగు ఒక అచ్చు తగిలించి ఇంట్లోకి రానిస్తుంది. ఎక్కడ ‘ఉ’ వస్తుంది, ఎక్కడ ‘ఇ’ వస్తుంది, ఎక్కడ హల్లు రెట్టిస్తుంది, ‘బస్సు’లో సకారం రెట్టించి ‘కారు’లో ఎందుకు ఊరుకుంటుంది, ఇవన్నీ పాఠాలు. అర్థాల సంగతి ఇంకా బాగుంటుంది. సింగరేణిలో ‘ప్లేడే’ అంటే ఆట రోజు కాదు, సెలవునాడు డ్యూటీకి పోయి డబుల్ మస్టర్ తెచ్చుకోవడం. ‘అన్‌ఫిట్’ అంటే ఊరంతటికీ చెడ్డ మాట. మా కాలనీల్లో మాత్రం ‘ఆయన అన్‌ఫిట్ అయిండంట’ అంటే ఇంట్లో కొడుక్కి ఉద్యోగమొస్తుందన్న ఆశ. ఒక శరీరం పనికిరాకుండా పోయిందన్న మాట శుభవార్త ఎట్లా అయిందో చెప్పాలంటే అర్థవిజ్ఞానం ఒక్కటే చాలదు, కార్మిక చరిత్ర కూడా కావాలి. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని మావాళ్ళు పరీక్షలో సెమాంటిక్ ఛేంజ్‌కి ఉదాహరణలు రాయమంటే గైడులో ఉన్న ‘నైస్’, ‘సిల్లీ’ రాసొస్తారు. నేనూ అవే రాశా. మార్కులొచ్చాయి.

ఈ పని ఎట్లా చేయాలో తెలుగులో మనకి దారి లేకపోలేదు. కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల మాటలు పోగు చేయించి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. చేనేత మాటలది 1971లో వచ్చింది. ఇక చేకూరి రామారావు గారు మా పాత ఖమ్మం జిల్లా మనిషే. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో చామ్‌స్కీ పద్ధతిలో చదువుకుని వచ్చి, 1975లో ‘తెలుగు వాక్యం’ రాశారు. పరివర్తన వ్యాకరణం అంటే ఏమిటో తెలుగు వాక్యాల మీదే చూపించిన పుస్తకం. ఎమ్మేలో చామ్‌స్కీ పాఠం అర్థంకాక తలలు బాదుకునే ఖమ్మం పిల్లలకి ఖమ్మం మనిషే తెలుగులో రాసిన పుస్తకముంది. నా రెండేళ్ళ చదువులో ఆయన పేరు ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. చేరాతలు రాసిన విమర్శకుడిగా బయట తెలుసు, అంతే. అదేమంటే, అది తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ళదండీ, అంటారు. భాషాశాస్త్రానికి కూడా ఊరి పొలిమేరలు గీసుకున్నాం.

రాయడం సంగతికొస్తా. నాలుగు సెమిస్టర్లు, దాదాపు ఇరవై పేపర్లు. వీటిలో నా సొంత మాటల్లో ఒక్క పేజీ రాయమని నన్నెవరూ అడగలేదు. జిరాక్స్ నోట్సు, ఆల్ ఇన్ వన్, పాత ప్రశ్నపత్రాలు. ఎలియట్ మీద వ్యాసం నా ముందు బ్యాచి రాసిందే నేనూ రాశా, నా తర్వాత బ్యాచి కూడా రాసే ఉంటుంది. అంటే సార్లు ఎగతాళి చేసే ఆ ‘ఒక్క తప్పులేని వాక్యం’ రాయడం ఎక్కడ నేర్చుకోవాలి? కంఠస్థం చేసినవాడి వాక్యంలో తప్పులుండవు. తప్పులొచ్చేది సొంతంగా రాసినవాడికే. రెండేళ్ళ పాటు సొంతంగా రాసే అవకాశమే ఇవ్వకుండా, ఇంటర్వ్యూలో పట్టుకుని వీడికి రాయడం రాదంటే ఎట్లా? వారానికి ఒక పేజీ రాయించి, ఎర్ర ఇంకుతో కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని దిద్దే క్లాసు ఒక్కటుంటే, కమ్యూనికేషన్ స్కిల్స్ అని పెట్టే తంతులన్నీ ఎత్తేయొచ్చు. ఏం రాయాలి అంటారా? అన్‌ఫిట్ గురించి రాయమనండి.

పరిశోధన దాకా పోయినవాళ్ళ కథ ఇంకా ఘోరం. గూడెం నుంచి వచ్చి పీహెచ్‌డీలో చేరిన మనిషికి, ఫలానా అమెరికన్ రచయిత్రి నవలల్లో స్త్రీ పాత్రలు, అని అంశం ఇస్తారు. ఆ రచయిత్రి మీద నాకు కోపం లేదు. ఆ అంశం మీద ఇప్పటికే లారీల కొద్దీ థీసిస్‌లున్నాయి, చదివేవాడు లేడు. 2022 దాకా అయితే థీసిస్ ఇవ్వాలంటే ముందు ఒక వ్యాసం అచ్చుకావాలని యూజీసీ నిబంధన ఉండేది. దాంతో డబ్బులు తీసుకుని అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. మా వాళ్ళు అప్పు చేసి కట్టారు. ఆ డబ్బుతో ఒక మంచి రికార్డర్ కొనుక్కుని ఇంటికి పోయి అమ్మమ్మ మాటలు రికార్డు చేసుంటే లోకంలో ఇంకెవరి దగ్గరా లేనిది మిగిలేది.

సాహిత్యం పేపర్ల గురించి ఎక్కువ చెప్పను. ఆ చర్చ మన దగ్గర జరగలేదని కాదు, బాగానే జరిగింది. ఇంగ్లీషు సాహిత్యం ఒక చదువుగా ఇంగ్లండ్ యూనివర్సిటీల్లో కంటే ముందు వలస పాలనలోని ఇండియాలో ఎట్లా పాతుకుందో గౌరీ విశ్వనాథన్ 1989లో పుస్తకమే రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు పాఠ్యవిభాగం మొదలైంది 1894లో గదా. ఆ పుస్తకానికి ముందే, 1968లో నైరోబీలో గూగీ, మరి ఇద్దరు సహాధ్యాపకులు ఇంగ్లీషు శాఖని రద్దుచేసి ఆఫ్రికా సాహిత్యాల, భాషల శాఖ పెట్టమన్నారు. హైదరాబాద్‌లో సూసీ తారు, కె. లలిత స్త్రీల రచనల సంపుటాలు తెచ్చారు. తర్వాత కె. సత్యనారాయణ, సూసీ తారు కలిసి దక్షిణాది దళిత రచనల సంకలనాలు తెచ్చారు. ఇవన్నీ గొప్ప పనులు. హైదరాబాద్ నుంచి ఇవి న్యూయార్క్ దాకా పోయాయి. కాజీపేట దాటి ఇటు రాలేదు. మా పాఠ్యప్రణాళికలో ఒక యూనిట్‌గా, నాలుగు మార్కుల షార్ట్ నోట్‌గా వచ్చాయనుకోండి, అది రావడం కాదు. ఇంగ్లీషు శాఖల్ని రద్దు చేయమని నేననను. గూగీకి ఉన్న ధైర్యం లేక కాదు, మా పరిస్థితి వేరు. మా జిల్లాల్లో ‘ఫోనీమ్’, ‘మార్ఫీమ్’ అన్న మాటలు వినిపించే గది ఉందంటే అది ఇంగ్లీషు పీజీ క్లాసే. భాషాశాస్త్ర శాఖలు రాజధానిలో తప్ప లేవు. ఆ ఒక్క గదీ మూసేస్తే మిగిలేది స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు. అందుకే మూయమనేవాళ్ళతో నాకు పేచీ.

ఇప్పుడు మా వైపు నుంచి వచ్చే అభ్యంతరం. నాకు అన్నిటికంటే బరువైనదనిపించేది ఇదే. నేను ఈ మాటలు మాట్లాడితే మా కోయ విద్యార్థులే, ‘మాకు కోయ ఎందుకు సార్, ఇంట్లో ఉన్నదే గదా, మాకు ఇంగ్లీషు కావాలె’ అంటారు. వాళ్ళ అమ్మానాన్నలూ అంటారు. వాళ్ళు చెప్పేది నూటికి నూరుపాళ్ళు న్యాయం. కంచ ఐలయ్య గారు ఏళ్ళ తరబడి చెప్తున్నదీ ఇదే, పెద్దకులాల పిల్లలు ఇంగ్లీషులో చదువుకుని పేదపిల్లలకి మాతృభాష గొప్పతనం బోధించొద్దని. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైతే మా గూడేల్లో ఎవరూ ఏడవలేదు. సంస్కృతి మీద ప్రేమ పేరుతో ఎవరినీ వెనక్కి పంపే హక్కు నాకు లేదు.

కానీ నేనడిగేది ఇంగ్లీషు తగ్గించమని కాదు. కోయ వ్యాకరణం గురించి ఇరవై పేజీలు ఇంగ్లీషులో రాయమంటున్నా. అది రాసిన పిల్లకి ఇంగ్లీషు గైడు బట్టీ పట్టిన పిల్ల కంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఆ ఇరవై పేజీలు ఏ గైడులోనూ ఉండవు. ఉద్యోగం దగ్గరా అంతే. ఎమ్మే అయినవాళ్ళలో చాలామంది చివరికి గురుకులాల్లోనో జూనియర్ కాలేజీల్లోనో టీచర్లవుతారు. ఎదురుగా ఇంట్లో కోయ మాట్లాడే అరవై మంది పిల్లలు కూర్చుంటారు. ‘షీ’ దగ్గర, ‘దే’ దగ్గర ఆ పిల్లలు ఎందుకు తడబడతారో తెలిసిన టీచరు కావాలా, తెలియని టీచరు కావాలా? ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వేశారు, అందులో కోయ ఒకటి. ఆ పుస్తకాలు రాయడానికీ, చెప్పడానికీ, బాగున్నాయో లేదో తేల్చడానికీ భాష తెలిసి భాషాశాస్త్రమూ తెలిసిన మనుషులు కావాలి. అలాంటివాళ్ళు తయారవాల్సిన చోట మనం నలభై నాలుగు ధ్వనులు వల్లెవేయిస్తున్నాం.

చెప్పేవాళ్ళెవరు, అంటారు. ఇంగ్లీషు శాఖల్లో కోయ వచ్చిన అధ్యాపకులు ఎంతమంది? నిజమే, తక్కువ. అయితే ఈ క్లాసులో సార్‌కి కోయ రానక్కరలేదు. ప్రశ్నలు అడగడం వస్తే చాలు. టైలర్‌కి ముందే వచ్చా? తనకి తెలియని భాష గురించి తెలిసినవాణ్ణి అడిగి రాసుకోవడమే గదా ఆ విద్య మొదటి పాఠం. ఇబ్బందేమిటంటే ఆ ఒక్క గంటసేపు సార్ విద్యార్థి అవుతాడు, విద్యార్థి సార్ అవుతాడు. మన కాలేజీల్లో అది అంత తేలిగ్గా మింగుడు పడదు.

నెట్ సిలబస్‌లో లేదండీ, అన్నది ఆఖరి అడ్డు. నెట్ సిలబస్‌లో భాషాశాస్త్రం ఉంది. పద్ధతి తెలిసినవాడు ఏ ఉదాహరణ ఇచ్చినా చేస్తాడు. గ్రిమ్ సూత్రం ‘రెండు’, ‘రోలు’ ద్వారా అర్థమైనవాడికి పాతెర్, ఫాదర్ పది నిమిషాల పని.

తొందర ఎందుకంటే, టైలర్ రాసుకున్న గొమ్ము కోయ మాట్లాడే నది ఒడ్డు ఊళ్ళలో చాలా వాటి మీదికి పోలవరం నీళ్ళు వస్తున్నాయి. 2014లో ఏడు మండలాలు పూర్తిగానో కొంతగానో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు ఊళ్ళకి ఊళ్ళు పునరావాస కాలనీలకి కదులుతున్నాయి. ఊరు చెదిరాక, ఒక్కో ఇల్లు ఒక్కో కాలనీలో పడ్డాక, ఆ యాస ఇంకో తరానికి అందుతుందా? పరిహారం లెక్కల్లో చెట్టుకి రేటుంది, భూమికి రేటుంది, వ్యాకరణానికి కాలమ్ లేదు.

సిలబస్ కమిటీలు ఎప్పుడు కూర్చుంటాయో, ఎప్పుడు లేస్తాయో నాకు తెలియదు. అప్పటిదాకా ఆగక్కరలేదు. ఇంటర్నల్ మార్కులు అధ్యాపకుల చేతిలోనే ఉంటాయి. వచ్చే సెమిస్టరు భాషాశాస్త్రం పేపరు చెప్పేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, అసైన్‌మెంటుకి పనికొచ్చే ప్రశ్న ఒకటి ఇస్తున్నా, తీసుకోండి. ‘అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, వాళ్ళు వచ్చారు, అమ్మాయిలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఈ ఆరు వాక్యాలనీ మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎట్లా అంటారో అడిగి రాసుకోండి. క్రియల చివరలు ఎన్ని రకాలున్నాయో, ఎవరెవరు ఒకే జట్టులో ఉన్నారో చెప్పండి. తెలుగుతోనూ ఇంగ్లీషుతోనూ పోల్చి రెండు పేజీలకి మించకుండా ఇంగ్లీషులో రాయండి. గైడులు చూడొచ్చు.’